తెలుగు అడ్రసుకి గేటు వేసిన లాగిన్

తెలుగు సాహిత్యం కోసం వెబ్‌సైట్ కడతాం. మెనూ తెలుగు, బటన్లు తెలుగు, 'లోపలికి రండి' అన్న పిలుపూ తెలుగే. తీరా లాగిన్ అయ్యేందుకు ఎవరైనా తన ఈమెయిల్ అడ్రసుని తెలుగు అక్షరాల్లో కొడితే, 'ఇది సరైన అడ్రస్ కాదు' అని ఎర్రక్షరాలు!

తెలుగులో ఈమెయిల్ అడ్రసా అని నవ్వకండి. అన్ని లిపుల అడ్రసులకీ దారి తెరిచిన ఆర్‌ఎఫ్‌సీ 6531 వచ్చింది 2012లో. అలాంటి అడ్రసులకి మెయిల్ పంపడం, అందుకోవడం జీమెయిల్ 2014లోనే మొదలుపెట్టింది. తెలుగు లిపిలో .భారత్ డొమైన్ కూడా ఉంది. లేనిదల్లా మన ఫారంలో చోటు.

ఫారంలో గడిని 'ఈమెయిల్' రకం అని ప్రకటించగానే, @కి ముందు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప ఇంకేం రాకూడదని బ్రౌజర్లు పట్టుబడుతూ వచ్చాయి. జాంగోలో రెడీమేడ్‌గా దొరికే తనిఖీదీ అదే పట్టు. మనం రెండిటినీ కళ్లు మూసుకుని వాడేస్తాం.

ఇలాంటి ఫారాలు రాసే ఉద్యోగమే నాది. నేను వినే వాదనలు రెండు. 'అలాంటి అడ్రస్ ఎవరికుంది బాస్?' అన్నది మొదటిది. ఎక్కడా చెల్లని అడ్రస్ ఎవరు తీసుకుంటారు? బస్సు ఆపకుండా పోతూ, ఈ ఊళ్లో ఎక్కేవాళ్లే లేరన్నట్టుంది.

రెండోది సెక్యూరిటీ. ఇందులో నిజం ఉంది. 'కై'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. కంటికి ఒకటే, డేటాబేస్‌కి ఇద్దరు మనుషులు. కానీ దాచేముందు, వెతికేముందు నార్మలైజ్ చేస్తే ఈ చిక్కు తీరుతుంది. ఒక్క లైను పని. చూపుకి కలిసిపోయే మిగతా అక్షరాల సంగతంటారా, ఇంగ్లీషు చిన్న ఎల్, అంకె ఒకటి కూడా అంతేగా? అందుకని ఇంగ్లీషుని ఎవరూ గెంటెయ్యలేదే!

అసలు అడ్రస్ నిజమైనదో కాదో అక్షరాలు చూసి తేల్చలేం. మెయిల్ పంపాలి. అందులో కాసేపే, ఒక్కసారే పనిచేసే లింకుని ఆ మనిషి నొక్కాలి. రుజువంటే అదీ. కాబట్టి ఆ గడిని మామూలు టెక్స్ట్‌గా పెట్టండి. @ ఉందో లేదో చూడండి, చాలు. మెయిల్ పంపే సర్వీసు ఆర్‌ఎఫ్‌సీ 6531ని పాటిస్తుందో లేదో ముందే కనుక్కోండి. పాటించకపోతే సర్వీసు మార్చండి, మనిషిని అడ్రస్ మార్చుకోమనకండి.

మాతృభాషా దినోత్సవానికి హోంపేజీలో బేనర్ కట్టడం కన్నా ఇది చిన్న పనే. కాకపోతే మర్నాడు కూడా ఉంటుంది.