పిక్క నొప్పికి నూనె రాసే ముందు



పౌర్ణమికి తిరువణ్ణామలై గిరిప్రదక్షిణ చేసి వచ్చిన మరునాడు మన ఇళ్లల్లో పెద్దవాళ్లు మెట్లు ఎలా దిగుతారో గమనించారా? గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కొక్క మెట్టే. చెప్పులు లేకుండా 14 కిలోమీటర్లు నడిస్తే అంతే మరి. అలిపిరి మెట్లు ఎక్కి వచ్చినవాళ్లదీ ఇదే పాట్లు. మనం దాన్ని కెండెకాలు నొప్పి అంటాం, ఆంధ్రా బంధువులు పిక్క నొప్పి అంటారు. పేరేదైనా వైద్యం మాత్రం ఒకటే: వేడి నూనె పోసి గట్టిగా పిసకడం. దానికీ లొంగకపోతే సుళుక్కు తీసేవాడు ఉండనే ఉన్నాడు. ఫిజియోథెరపీ అనగానే "అది ఆపరేషన్ అయినవాళ్లకు కదా" అంటారు. ఈ మాట మారాలనే మేము ఇంత రాస్తున్నాం.

నడక వల్ల వచ్చిన మామూలు నొప్పి మూడు నాలుగు రోజుల్లో దానంతట అదే పోతుంది. దాని గురించి గొడవ లేదు. కానీ పిక్కలో కండరం చిరగడం వేరే సంగతి. కదిలే బండి అందుకోబోయి ప్లాట్‌ఫారం మీద పరిగెత్తినవాళ్లలో మేము ఉద్యోగ కాలంలో ఇది చాలాసార్లు చూశాం. ఎవరో వెనకనుంచి రాయి విసిరినట్టు అనిపించి తిరిగి చూస్తారు. వెనక ఎవరూ ఉండరు. నలభై దాటినవాళ్లకే ఇది ఎక్కువ. అప్పుడే చిరిగిన కండరాన్ని పిసికితే లోపల రక్తం ఇంకా కారుతుంది. మొదటి రెండు రోజులూ గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున పెట్టి, సాగే బ్యాండేజి కట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టాలి. ఐసు పెడితే వాతం చేస్తుందని మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఒప్పుకోరు, ఆ పోరు వేరే.

ఇంతకన్నా భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఒక కాలు మాత్రమే వాచి, వెచ్చగా, ఎర్రగా ఉండి పిక్క నొప్పిపెడితే, అందులోనూ ఆపరేషన్ తరువాతో, చాలా రోజులు మంచం పట్టిన తరువాతో, గంటల తరబడి బస్సులో కూర్చున్న తరువాతో అయితే, లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం పోతుంది. ఆ కాలిని ఎవరూ పిసకకూడదు, సుళుక్కు తీసేవాడు అసలే ముట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే 108కి ఫోన్ చేయాలి.

కొంచెం దూరం నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గే నొప్పి ఇంకో రకం. బీడీ, సిగరెట్టు, షుగరు ఉన్నవాళ్లు దాన్ని ముసలితనం మీదికి తోసేస్తారు. కాలికి పోయే రక్తనాళం సన్నబడిందేమో డాక్టరు చూడాలి. అందులోనూ మందులతో పాటు పద్ధతిగా నడిపించడమే వైద్యంలో ఒక భాగం.

పుత్తూరు కట్టు సంగతి ఎత్తకపోతే మనవాళ్లు ఊరుకోరు. ఆ పేరు మీద మనకు అభిమానం ఉంది, కాదనం. కానీ ఆ పేరు బోర్డు మీద రాసుకుని ఊరూరా కట్లు కట్టేవాళ్లందరికీ మన కాళ్లు అప్పజెప్పడం ఏం న్యాయం? మడమ పైనున్న లావుపాటి నరం, అకిలెస్ టెండన్, తెగిందో లేదో తేల్చే పరీక్ష చాలా సులువు. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే పాదం కదలాలి. కదలకపోతే తెగిందని అనుమానించి, ఎముకల డాక్టరు దగ్గరికి పంపాలి. ఆ పరీక్ష చెయ్యకుండా బిగించి కట్టేస్తే వారాలు వృథా. కట్టు కట్టాక వేళ్లు తిమ్మిరెక్కినా, నీలం తిరిగినా, నొప్పి ఇంకా పెరిగినా వెంటనే విప్పించాలి.

ఫిజియోథెరపిస్టు చేసేది మిషన్ పెట్టడం మాత్రమే అనుకుంటే పొరపాటు. పిక్కలో ముఖ్యమైన కండరాలు రెండు. ఒకటి మోకాలు చాచితే సాగుతుంది, రెండోది మోకాలు మడిచి సాగదీయాలి. రెండు కాళ్ల మీద మడమలు ఎత్తడం, తరువాత ఒంటికాలి మీద, ఆ తరువాత మెట్టు అంచున నిలబడి మడమ మెల్లగా కిందికి దించడం. టెండన్ నొప్పికి ఈ దించే వ్యాయామాన్ని స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ అనే డాక్టరు 1998లో ప్రకటించాడు: పదిహేనేసి చొప్పున, రోజుకు రెండు పూటలా, 12 వారాలు. మనవాళ్లు మూడో రోజే మానేసి "ఫిజియో పనిచెయ్యలేదు" అంటారు!

డబ్బు సంగతి అంటారా? తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం'లో ఇంటికే వచ్చి ఫిజియోథెరపీ చేసే ఏర్పాటు ఉంది. ఆ పథకం మొదలైంది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో, మన తెలుగు వాళ్లు తరతరాలుగా ఉన్న సీమలో. మంచం దిగలేని మన పెద్దవాళ్ల పేర్లు అక్కడి ఆరోగ్య కేంద్రంలో ఎంతమంది రాయించారు? ఫారం తమిళంలో నింపాలంటే మాలాంటి తమిళ మీడియం వాళ్లం ఉన్నాం, పిలవండి.

సంఘం వాళ్లకు మా మనవి ఒకటి. ఏటా వైద్య శిబిరంలో బీపీ, షుగరు చూసి పంపేస్తున్నారు. ఈసారి శాలువాల ఖర్చు కొంత తగ్గించి, డిగ్రీ చదివిన ఫిజియోథెరపిస్టును ఒకరిని కూర్చోబెట్టండి. వచ్చేవాళ్లు మోకాలి దాకా ఎత్తుకోగలిగే పంచెనో చీరనో కట్టుకుని, రోజూ తొడిగే పాత చెప్పులనే వేసుకుని రండి. ఏ పక్క అరిగాయో చూస్తే నడక తీరు కొంత తెలుస్తుందట.