ఏలూరు జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పోలవరము జలాశయమునకై తమ గూడెములను గోదావరికి విడిచి, జంగారెడ్డిగూడెము, బుట్టాయగూడెము ప్రాంతముల పునరావాస కాలనీలకు వచ్చిన కోయలు, కొండరెడ్లు పరదేశమునుండి వచ్చిన శరణార్థులు కారు. అయినను, 2014లో తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశమున గలిసిన కుక్కునూరు, వేలేరుపాడు మండలములవారికి ఏలూరు పెద్దాసుపత్రి వాకిలి పరదేశమువలెనే తోచును. చీటి యెచ్చట వ్రాయింతురో, వైద్యసేవా పథకమునకు ఏ కార్డు చూపవలెనో, రక్తపరీక్ష ఏ గదిలోనో తెలియక, తెలుగు తడబడు తల్లి జ్వరపుబిడ్డతో వెనుదిరిగినచో, ఉచితవైద్యము ఉండియు లేనిదే యగును.

కావున, కోయభాష యెఱిగిన సహాయకురాలిని ఆసుపత్రి ద్వారముకడ నియమించి, కార్డులలోని చిరునామాలను కాలనీలయందే సరిచేయించి, తొలిసారి ఆశా కార్యకర్తను వెంట పంపింప ప్రార్థన. కొల్లేటికి వలసవచ్చు పక్షులకు దారి పూర్వపరిచితము. వీరికి చూపువారు కావలయును.

ఇట్లు,
ఏలూరు పౌరుడొకడు