ఓటుకు నాగా పెడితే నష్టమెవరికి?

గోదావరిఖని: ‘‘లక్షల ఓట్లలో నా ఒక్క ఓటుతో ఢిల్లీ గద్దె కదులుతుందా?’’ పార్లమెంటు ఎన్నికలు వచ్చినప్పుడల్లా బాయి దగ్గర టీ కొట్టులోనూ, పల్లెల్లో రచ్చకట్ట మీదా వినిపించే మాట ఇది. దీనిని తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు. లెక్క చూసి జవాబు చెప్పుకోవాలి.

ముందుగా ఆ మాట అనేవారి పక్షాన ఉన్న లెక్క. 2024 లోక్‌సభ ఎన్నికల్లో పెద్దపల్లి స్థానం నుంచి కాంగ్రెస్ అభ్యర్థి గడ్డం వంశీకృష్ణ తన సమీప ప్రత్యర్థి, బి.జె.పి. అభ్యర్థి గోమాస శ్రీనివాస్‌పై 1,31,364 ఓట్ల ఆధిక్యతతో గెలిచారు. అంత తేడాలో ఒకరి ఓటు ఎటు పడినా ఫలితం మారేది కాదు. చాలా స్థానాల్లో జరిగేది ఇదే.

అయితే ప్రతిసారీ ఇలాగే జరుగుతుందనుకోవడం పొరపాటు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి కొణతాల రామకృష్ణ గెలిచింది కేవలం 9 ఓట్లతో. అంత దూరం పోనక్కర్లేదు. పెద్దపల్లి పార్లమెంటు స్థానం కిందికే వచ్చే ధర్మపురిలో 2018 శాసనసభ ఎన్నికల్లో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గట్టెక్కారు. ఓ మోస్తరు ఊరిలో ఉండే ఓట్లవి. ఆ వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది.

ఢిల్లీలో సైతం ఒక్క ఓటు ప్రభుత్వాన్ని పడగొట్టింది. 1999 ఏప్రిల్ 17న విశ్వాస తీర్మానంపై వాజ్‌పేయి ప్రభుత్వానికి 269 ఓట్లు, వ్యతిరేకంగా 270 ఓట్లు వచ్చాయి. అదే లోక్‌సభకు, అప్పట్లో బీహార్‌లో ఉన్న రాజమహల్ నుంచి ఒక సభ్యుడు 9 ఓట్లతోనే గెలిచి వచ్చారు.

దేశంలోని కోట్లాది ఓట్లతో తన ఓటును పోల్చుకుని చిన్నబోవడం కూడా సరికాదు. సింగరేణిలో 2023 డిసెంబర్ 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికలు కార్మికులకు తెలిసినవే. ఐ.ఎన్.టి.యు.సి. 6 ఏరియాలు, ఎ.ఐ.టి.యు.సి. 5 ఏరియాలు గెలిచాయి. అయినా గుర్తింపు ఎ.ఐ.టి.యు.సి.కే దక్కింది. కారణం, అక్కడ కంపెనీ మొత్తం ఓట్లు కలిపి లెక్కిస్తారు. పార్లమెంటుకు అలా కాదు, ఏ స్థానం లెక్క ఆ స్థానానిదే. మన ఓటు బలమంతా మన నియోజకవర్గంలోనే తేలుతుంది.

ఇక నాగా పెట్టినవారి లెక్క. దాదాపు 16 లక్షల ఓటర్లున్న పెద్దపల్లి స్థానంలో 2024లో నూటికి ముప్పై మందికి పైగా ఓటు వేయలేదు. అంటే సుమారు 5 లక్షల మంది. గెలుపు తేడాకు ఇది మూడు రెట్లకు మించిన సంఖ్య. ఊళ్ళో లేనివారు, జబ్బుతో ఉన్నవారు పోగా, మిగిలిన వారిలో ‘‘నా ఒక్కడితో ఏమవుతుంది’’ అనుకున్నవారు ఎందరో!

ఈ ప్రాంతానికి ఢిల్లీతో పని లేదా అంటే చాలా ఉంది. సింగరేణిలో కేంద్రం వాటా 49 శాతం. బొగ్గు బ్లాకుల వేలానికి దారి తీసిన 2015 చట్టం పార్లమెంటు చేసిందే. నాలుగు బ్లాకుల వేలాన్ని వ్యతిరేకిస్తూ 2021 డిసెంబర్ 9 నుంచి 11 వరకు కార్మికులు సమ్మె కట్టారు. వాటిలో ఒకటైన మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకును 2024లో మళ్ళీ వేలం జాబితాలో పెట్టారు. ఓపెన్‌కాస్టు కింద భూమి పోయే రైతు అడిగే 2013 భూసేకరణ చట్టం కూడా ఢిల్లీలో చేసిందే. వీటిని మెచ్చేవారికైనా, వద్దనేవారికైనా ఆ సభలో మాట్లాడే మనిషిని ఎంచుకునే అవకాశం ఓటు రోజునే వస్తుంది.

క్వార్టరు మారినవారు, ఊరు లేచిపోయి పునరావాస కాలనీకి చేరినవారు జాబితాలో తమ పేరు ఏ ఊరిలో ఉందో ఇప్పుడే చూసుకోవడం మంచిది. చిరునామా మార్పుకు ఫారం 8 ఇవ్వాలి. పోలింగు రోజున ఓటరైన కార్మికునికి వేతనంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు.

ఎవరికి వేయాలన్నది ఎవరి ఇష్టం వారిది. మస్టరు పడనిదే కూలి లెక్కలోకి రాదని బాయి కార్మికునికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఓటు సంగతీ అంతే.