మిల్లు గమ్ము, కాలి పుండు

ఈ నెల మా ఇంటి కథే రాస్తున్నాను.

ఎండాకాలంలో మా చెల్లి కాలికి పుండు పడింది. ఆమెకి పదేళ్లుగా సుగరు. గోపాల్‌పూర్ ఒడ్డున ఏరిన సముద్రపు నాచు పొడి చల్లితే వారంలో మానిపోద్దని ఒకాయన అమ్మాడు. మూడు వారాలు చల్లింది. వేలు నల్లబడ్డాక మాకు చెప్పింది. ఆస్పత్రికి తీసుకుపోతే చిటికెన వేలు తీసేశారు. తరవాత పుండులో దూదిలాంటి పట్టీ పెట్టారు. "ఇదేటమ్మా?" అని నర్సమ్మనడిగాను. "ఆల్జినేట్ పట్టీ తాతా, సముద్రపు నాచుతోనే చేస్తారు" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆల్జినేట్ నాకు కొత్త కాదు. సూరత్ ప్రింటింగు మిల్లులో, కలర్ కిచెన్‌లో ఏళ్ల తరబడి నేను కలిపిన గమ్ము అదే. పొడి నీళ్లలో పోసి తిప్పితే గంజిలా చిక్కబడుద్ది. కాటన్ మీద రియాక్టివ్ రంగు అచ్చేసినప్పుడు పక్కకి పాకనివ్వదు. మామూలు గంజి అయితే రంగుని తనే పట్టేసుకుంటది. ఇది పట్టుకోదు, ఉతికితే పోద్ది. గోధుమరంగు నాచులోంచి దీన్ని మొదట తీసింది స్టాన్‌ఫర్డ్ అనే ఆయన, 1881లో.

అదే సరుకుని కాల్షియంతో దారం చేసి పట్టీలా పరుస్తారు. పుండు రసిని పీల్చుకొని జిగురులా మారుద్ది, పుండుని ఎండిపోనివ్వదు. గుండెమంట మందుల్లోనూ ఆల్జినేట్ వేస్తారు. మన చిలికాలో దొరికే గ్రాసిలేరియా అనే నాచు జాతి నుంచి అగర్ తీస్తారు. ల్యాబుల్లో రోగక్రిముల్ని పెంచి పరీక్ష చేసేది దాని మీదే. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు నాచు సారంతో కీళ్లనొప్పులకి గొట్టాలు కూడా తయారుచేశారు.

మరి ఆ పొడి ఎందుకు పనిచెయ్యలేదు? నాచు నీళ్లలో ఉన్నదంతా పీలుస్తుంది, సీసం, ఆర్సెనిక్ లాంటి విషాలు కూడా. ఒడ్డున ఏరినదానిలో ఇసుక, మురికి, క్రిములు. పట్టీకైతే సారం తీసి, శుద్ధి చేసి, క్రిముల్ని చంపి ప్యాక్ చేస్తారు. పైగా పట్టీ ఒక్కటే మాన్పదు. పుండు కడగాలి, సుగరు దించాలి. నాచులో అయోడిన్ ఎక్కువ కాబట్టి థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఆ పొడులు తినొద్దు.

పత్తికాయ తెంపి ఒంటికి చుట్టుకుంటే చీర అవుద్దా? వడకాలి, నెయ్యాలి. మందూ అంతే.

సుగరు ఉన్నవాళ్లు రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండమ్మా. చిన్న పుండు పడినా మర్నాడే మన ఎమ్‌కేసీజీ పెద్దాస్పత్రికి పోండి. మా చెల్లి ఇప్పుడు నడుస్తోంది, నాలుగు వేళ్లతో.