పైకి పంపే దారి ఉంది, తిరిగొచ్చే దారి లేదు

పక్షవాతం వచ్చిన కూలీని పల్లె నుంచి పట్నం ఆస్పత్రికి చేర్చడంలో తెలుగు రాష్ట్రాలు చాలా దూరమే వచ్చాయి. 2005లో మొదలైన 108 ఇంటి ముందుకొచ్చి ఆగుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ బిల్లు కడుతుంది. ప్రాణం నిలబడుతుంది. డిశ్చార్జి అయిన మనిషి స్కానింగు ఫిల్ములు, మందుల చీటీ ఉన్న ప్లాస్టిక్ కవరు పట్టుకుని బస్సెక్కుతాడు. ఊళ్లో దిగాక అతని బీపీ ఎవరు చూడాలన్నది మాత్రం ఏ ఆస్పత్రికీ పట్టదు.

వ్యవస్థ నమూనాలో లోపం లేదు. జబ్బు రాకుండా చూడటం, వస్తే నయం చేయడం ఒకే చోట జరగాలని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. మైదాన ప్రాంతంలో 5 వేల జనాభాకు ఒక ఉప కేంద్రం, 30 వేలకు ఒక పీహెచ్‌సీ, 1.20 లక్షలకు 30 పడకల సీహెచ్‌సీ ఉండాలన్నది నిబంధన. గిరిజన, కొండ ప్రాంతాల్లో ఈ లెక్క 3 వేలు, 20 వేలు, 80 వేలు. ఆపైన ఏరియా ఆస్పత్రి, జిల్లా ఆస్పత్రి, బోధనాస్పత్రి. మెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి.

చిక్కంతా మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉంది.

ఉప కేంద్రాలు, పీహెచ్‌సీలు ప్రజారోగ్య సంచాలకుల కింద పనిచేస్తాయి. ఏరియా, జిల్లా ఆస్పత్రుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్ వచ్చింది. బోధనాస్పత్రులు వైద్య విద్యా సంచాలకుల చేతిలో ఉంటాయి. రోగి ఒక్కడే, యాజమాన్యాలు మూడు. పీహెచ్‌సీ నుంచి పైకి పంపేటప్పుడు రిఫరల్ చీటీ రాస్తారు. పైనుంచి కిందికి పంపేటప్పుడు ఆ పీహెచ్‌సీ డాక్టరుకు ఒక్క ముక్కైనా రాయడం అరుదు.

దాని ఫలితం పీహెచ్‌సీ మందుల కౌంటర్ దగ్గర తెలుస్తుంది. పట్నం డాక్టరు బ్రాండు పేరుతో రాసిన చీటీని ఫార్మసిస్టు తిప్పి తిప్పి చూసి, ఈ మాత్ర ఇక్కడ లేదంటాడు. అదే మందు జనరిక్ పేరుతో పక్క అరలో ఉన్నా, చీటీ మార్చే ధైర్యం ఎవరికీ ఉండదు. రోగి బయట కొంటాడు. చేతిలో డబ్బు లేని నెల మాత్ర మానేస్తాడు.

బీమా ఈ ఖాళీని పూరించలేదు. ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల చికిత్స దొరుకుతుంది గానీ, డిశ్చార్జి తర్వాత మందుల ఖర్చు ఇచ్చేది 15 రోజులకే. బీపీ మాత్ర బతికినంత కాలం వేసుకోవాలి. దాన్ని మానేస్తే దెబ్బతినే కిడ్నీకి, రెండోసారి వచ్చే పక్షవాతానికి సర్కారు మళ్లీ లక్షలు కడుతుంది. 2021-22లో దేశంలో ఆరోగ్యంపై అయిన ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే.

పీహెచ్‌సీల్లో డాక్టర్లే నిలవరని, ఇంకా భారం మోపడం ఎందుకని కొందరు అంటారు. కానీ ఈ పనికి స్పెషలిస్టు అక్కర్లేదు. 30 ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగర్ పరీక్షలు చేసే బాధ్యత ఇప్పటికే ఏఎన్ఎంల మీద ఉంది. వెయ్యి మందికి ఒక ఆశా చొప్పున ఇల్లిల్లూ తెలిసిన మనుషులున్నారు. ఎవరు ఏ జబ్బుతో ఆస్పత్రి నుంచి తిరిగొచ్చారన్న సమాచారమే వారికి అందడం లేదు.

బ్రిటన్‌లో 1948 నుంచి నడుస్తున్న ఎన్‌హెచ్‌ఎస్‌లో, ఇన్‌పేషెంటు డిశ్చార్జి అయిన 24 గంటల్లో వివరాలు అతని కుటుంబ డాక్టరుకు పంపాలన్నది ఆస్పత్రుల ఒప్పందంలోనే షరతు. అక్కడా వైద్యం కోసం నిరీక్షణ, సిబ్బంది కొరత ఉన్నాయి. అయినా రోగి ఎవరి బాధ్యతో కాగితం మీద స్పష్టంగా ఉంటుంది.

ఇక్కడా అలాంటి షరతు పెట్టవచ్చు. డిశ్చార్జి సారాంశం రోగి ఊరి పీహెచ్‌సీకి చేరితేనే ఆరోగ్యశ్రీ బిల్లులో చివరి వాయిదా చెల్లించాలి. ఆ సారాంశంలో మందులు జనరిక్ పేర్లతోనే ఉండాలి. వారంలోగా ఏఎన్ఎం ఇంటికెళ్లి బీపీ చూసి నమోదు చేయాలి. 2021లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరోగ్య ఖాతా నంబర్లు ఇస్తూనే ఉంది కాబట్టి, ఇందుకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. మూడు విభాగాల అధిపతులనూ ఒకచోట కూర్చోబెట్టి ఉత్తర్వు ఇప్పించాల్సింది ఇద్దరు ఆరోగ్య మంత్రులే.