బరువు ఎక్కడ ఉన్నది?

బాలలారా! ఎడ్లబండిలో వడ్ల బస్తాలు వేసే రైతును గమనించండి. తోచినచోట పడవేయడు. ఇరుసుకు ముందు బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను నొక్కివేస్తుంది. వెనుక ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడకు కట్టిన తాళ్లు బిగుసుకుంటాయి. అందుచేత బరువంతా ఇరుసు మీదికి వచ్చేట్టు, రవ్వంత మాత్రమే ముందుకు మొగ్గేట్టు సర్దుతాడు. బండి అదే, బస్తాలు అవే. సర్దుబాటు చెడితే ఎంత మంచి ఎడ్లయినా తడబడతాయి.

ఒక వస్తువు బరువంతా ఒక్కచోట కూడి ఉన్నట్టు లెక్కించే బిందువును గరిమనాభి అంటారు. అది ముందువెనుకలకే గాక, పైకి కిందికి కూడ జరుగుతుంది. పొడుగాటి అట్టపెట్టె అడుగున రాయి పెట్టి పీట మీద నిలబెట్టండి. జారకుండా పెట్టె పక్కన ఒక పుల్ల అంటించి, పీటను ఆ పుల్లవైపు మెల్లగా ఒరిగించండి. చాలా ఒరిగితే గాని పెట్టె పడదు. అదే రాయిని పెట్టె పైభాగమున కట్టి చూడండి, కొంచెము ఒరగగానే బోర్లపడుతుంది. గరిమనాభి నుండి నిట్టనిలువుగా దింపిన గీత పెట్టె అడుగును దాటి బయటపడితే పెట్టె ఇక నిలువదు.

ఇంగ్లండులో రెండంతస్తుల బస్సులకు ఇదే పరీక్ష పెడతారు. పై అంతస్తులో మనుషులకు బదులు బరువులు నింపి, కింది అంతస్తులో ప్రయాణికుల చోటు ఖాళీగా ఉంచి, బస్సును 28 డిగ్రీలు ఒరిగిస్తారు. అప్పటికీ అది పడకూడదు.

ఇక మన కొండగట్టు. 2018 సెప్టెంబరు 11న ఇక్కడి ఘాట్ రోడ్డు దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. వారిలో మీ వంటి పిల్లలు కూడ ఉన్నారు. బస్సులో సుమారు వందమంది ఉన్నారు, సీట్లు అన్ని లేవు. ప్రమాదమునకు ఒక్కటే కారణమని అనడము నాకు ఇష్టము లేదు. అయితే అంత జనము ఎక్కిన బస్సు కొండ దిగితే ఏమవుతుందో లెక్క చెప్పవచ్చు. కూర్చున్న మనిషి లేచి నిలబడితే అతని గరిమనాభి జానెడు పైకి పోతుంది. నిలబడినవారు పెరిగినకొద్దీ బస్సు గరిమనాభి కూడ పైకి జరుగుతుంది. వాలులో బరువు ముందు చక్రాల వైపు మొగ్గుతుంది. మలుపులో అందరూ బయటివైపుకు ఒరుగుతారు. వేగము రెట్టింపైతే ఆ ఒరిగించే బలము నాలుగు రెట్లవుతుంది. బ్రేకులు చేయవలసిన పని కూడ అంతే పెరుగుతుంది, పైగా బరువును బట్టి ఇంకా పెరుగుతుంది.

తలిదండ్రులు కూడ ఒక బొమ్మ గీసి చూడవలెను. బడికి పోయే ఆటోకు మూడు చక్రాలు. ఆ మూడు చోట్లను గీతలతో కలిపితే త్రిభుజము వస్తుంది, దాని మొన ముందు చక్రము. గరిమనాభి వెనుక ఉంటే దాని కింద అడుగు వెడల్పుగా ఉంటుంది. ముందుకు జరిగినకొద్దీ అడుగు సన్నబడుతుంది. డ్రైవరు పక్కన ఇద్దరు పిల్లలను ఇరికిస్తే, అది జరిగేది ఆ మొన వైపుకే.