విక్టోరియా డైరీ, బియాట్రిస్ దస్తూరి

తెలుగు సాహిత్య వ్యాసాల్లో ‘విక్టోరియన్’ అన్నది ఒక తిట్టు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ గురించి రాసినా, క్షేత్రయ్య పదాల గురించి రాసినా, సంస్కర్తల గురించి రాసినా ఎక్కడో ఒకచోట ‘విక్టోరియన్ నీతి’ వచ్చి కూర్చుంటుంది. దాంతోపాటే మనందరికీ తెలిసిన ఆ బొమ్మ కూడా: నల్లబట్టలు, తెల్లటి మేలిముసుగు, బిగించిన మూతి, నవ్వంటే ఎరగని ముసలి రాణి. నేనూ ఆ మాట ఎడాపెడా వాడినవాణ్ణే. ఇకమీద వాడను. ఎందుకో చెప్పాలంటే రాణిగారి డైరీ దగ్గర మొదలుపెట్టాలి.

1832లో, పదమూడేళ్ళ విక్టోరియా వేల్స్ ప్రయాణానికి బయల్దేరబోతుంటే తల్లి ఒక నోటుపుస్తకం ఇచ్చింది. అప్పట్నుంచి 1901 జనవరిలో చనిపోవడానికి కొద్దిరోజుల ముందు దాకా ఆమె డైరీ సాగుతూనే ఉంది. ఇవాళ విండ్సర్ కోటలోని రాయల్ ఆర్కైవ్స్‌లో 141 సంపుటాలున్నాయి. 2012లో, రెండో ఎలిజబెత్ వజ్రోత్సవం సందర్భంగా, వాటిని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. అప్పట్నుంచి వ్యాసాల్లో, టీవీ సీరియళ్ళలో, సినిమా ఇంటర్వ్యూల్లో ఒకటే పాట: ‘స్వయంగా రాణి తన డైరీలో ఏమని రాసుకుందంటే...’

ఆ 141 సంపుటాల్లో 111 రాణి దస్తూరిలో లేవు. ఆమె ఆఖరి కూతురు బియాట్రిస్ దస్తూరిలో ఉన్నాయి. తల్లి తనకి అప్పగించిన బాధ్యతగా బియాట్రిస్ ముప్పై ఏళ్ళు ఈ పని చేసింది. అసలు సంపుటం ముందు పెట్టుకోవడం, అక్కర్లేదనుకున్నవీ ఎవరినైనా నొప్పిస్తాయనుకున్నవీ తీసేయడం, మిగిలినవి నీలం అట్టల పుస్తకంలోకి ఎత్తిరాయడం, అసలుని తగలబెట్టడం. ఐదో జార్జి, అతని భార్య మేరీ బాధపడ్డారట గానీ ఆపలేకపోయారు.

ఏం పోయిందో మనకెలా తెలుస్తుంది? ఒక్క కిటికీ మాత్రం తెరిచి ఉంది. డైరీలో మొదటి భాగాన్ని లార్డ్ ఈషర్ అప్పటికే టైపు చేయించి పెట్టాడు. ఆ ప్రతినీ బియాట్రిస్ ప్రతినీ పక్కపక్కన పెట్టి చూస్తే కూతురు ఎంత కుదించిందో, మాటల్ని ఎలా సర్దిందో కనిపిస్తుంది. విక్టోరియా పెళ్ళి 1840 ఫిబ్రవరి 10న. ఇరవయ్యేళ్ళ ఆ కొత్త పెళ్ళికూతురు రాత్రి ఎక్కువసేపు నిద్రపోలేదని రాసుకుంది. భర్త తన కాళ్ళకి మేజోళ్ళు తొడిగాడని, అతను గడ్డం గీసుకుంటుంటే వెళ్ళి చూశానని రాసుకుంది. సిగ్గూ లేదు, బోధా లేదు. ఉన్నదంతా సంబరం.

పెళ్ళయిన ఐదు రోజులకి, ఫిబ్రవరి 15తో, ఈషర్ ప్రతి అయిపోతుంది. కిటికీ మూసుకుంటుంది. ఆ తర్వాత దాదాపు ఇరవై రెండేళ్ళ కాపురం, తొమ్మిది కాన్పులు, నలభై ఏళ్ళ వైధవ్యం అన్నీ మనకి చేరింది బియాట్రిస్ వడపోతలోంచే. ఆ నీలం పుస్తకాలు చదివి ‘విక్టోరియా మనసు ఇదీ’ అని తేల్చడం, నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, లాగ్స్ చెరిపేసిన సర్వర్‌ని చూసి ‘ఇక్కడే సమస్యా రాలేదు’ అని సర్టిఫికెట్ ఇవ్వడమే.

కూతురి చేతికి అందని చోట ఇంకో విక్టోరియా బతికే ఉంది. ప్రష్యాలో ఉన్న పెద్దకూతురికి రాసిన ఉత్తరాల్లో గర్భం ధరించడం మీద ఆమె చిరాకు చూడాలి. కాన్పుల వేళ ఆడవాళ్ళం ఆవులతో, కుక్కలతో సమానమైపోతామని విసుక్కుంటుంది. పసిపిల్లలు తనకి అంత అందంగా కనబడరని దాపరికం లేకుండా చెబుతుంది. ఆ ఉత్తరాలు జర్మనీకి చేరాయి కాబట్టి మిగిలాయి. రోజర్ ఫుల్‌ఫర్డ్ సంపాదకత్వంలో 1964 నుంచి అచ్చులోకి వచ్చాయి. 1843లో భర్త పుట్టినరోజుకి ఆమె వింటర్‌హాల్టర్ చేత రహస్యంగా ఒక బొమ్మ వేయించుకుంది: జుట్టు భుజం మీదికి జారి, వెనక్కి వాలి, ఓరగా చూస్తున్న యువతి. ‘విక్టోరియన్’ అనగానే ఈ బొమ్మ మనలో ఎంతమందికి గుర్తొస్తుంది?

కత్తెర ఒక్క బియాట్రిస్ చేతిలోనే లేదు. 1907లో ఆర్థర్ బెన్సన్, అదే లార్డ్ ఈషర్ కలిసి రాణి ఉత్తరాలు మూడు సంపుటాలుగా వేశారు. అందులో పెద్దపీట ప్రధానమంత్రులకి, దొరలకి. ఆడవాళ్ళు ఆడవాళ్ళకి రాసుకున్న కాన్పుల, పిల్లల, ఇంటి సంగతులు చిల్లర విషయాలుగా పక్కకి పోయాయి. 1901లో రాణి కన్నుమూయగానే కొడుకు ఏడో ఎడ్వర్డ్ చేయించిన పనుల్లో ఒకటి, ఆమెకి హిందుస్తానీ నేర్పిన మున్షీ అబ్దుల్ కరీం దగ్గరున్న ఆమె ఉత్తరాలు కాల్పించడం. 2017లో వాళ్ళిద్దరి మీద వచ్చిన సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఆ మంటనే ఎక్కువగా గుర్తుపెట్టుకోవాలి.

‘అమ్మ డైరీ, అమ్మ చెప్పింది, కూతురు కాల్చింది. మధ్యలో మనకేంటి?’ అని ఒక మిత్రుడు అడిగాడు. మా అమ్మమ్మ డైరీ అయితే నేనూ అదే అంటాను. కానీ ఇది అరవై మూడేళ్ళు సింహాసనం మీద కూర్చుని, ప్రధానుల్ని కలిసి, యుద్ధాల గురించీ వలసల గురించీ ప్రతిరోజూ రాసుకున్న మనిషి డైరీ. పట్టాభిషేకమైతే దేశమంతటిదీ, కాగితాలైతే మా ఇంటివీ అంటే కుదరదు. అయినా కుదుర్చుకుంటూనే ఉన్నారు. బ్రిటన్ సమాచార స్వేచ్ఛ చట్టం రాయల్ ఆర్కైవ్స్‌కి వర్తించదు. 2021లో చనిపోయిన ప్రిన్స్ ఫిలిప్ వీలునామాని 90 ఏళ్ళు తెరవకూడదని కోర్టు తీర్పిచ్చింది.

అయితే ఆ కాలపు కట్టుబాట్లన్నీ కట్టుకథేనా? కాదు. 1857 నాటి అశ్లీల ప్రచురణల చట్టం నిజం. దాన్ని పెట్టిన పార్లమెంటు, అమలుచేసిన పోలీసులు, మేజిస్ట్రేట్లు నిజం. నా పేచీ అక్కడే. నిషేధానికి పేర్లున్నాయి, తేదీలున్నాయి. వాటన్నిటినీ వదిలేసి ఒక ముసలమ్మ మొహం మీద పడేస్తున్నాం. ఆ మొహం కూడా సగం ఇంట్లోవాళ్ళు దిద్దిందే.

మళ్ళీ ముద్దుపళని దగ్గరికి వద్దాం. ‘రాధికా సాంత్వనము’ని ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో తప్పుపట్టింది కందుకూరి వీరేశలింగం. అచ్చుప్రతిలో కొన్ని భాగాలు లేవని గమనించి, రాతప్రతి సంపాదించి, 1910లో పూర్తిగా వేయించింది బెంగుళూరు నాగరత్నమ్మ. అచ్చువేసింది వావిళ్ళవారు. అశ్లీలమని నిషేధించింది మద్రాసు ప్రభుత్వం. అప్పటికి విక్టోరియా పోయి దాదాపు పదేళ్ళు. తర్వాత ప్రకాశం పంతులుగారి చొరవతో నిషేధం పోయింది. ఇందులో ప్రతి పనికీ ఒక చెయ్యి ఉంది. ‘విక్టోరియన్ నీతి’ అన్న రెండు మాటల్లో ఆ చేతులన్నీ మాయమైపోతాయి. తప్పు చేసినవాళ్ళు తప్పించుకుంటారు, ఎదురు నిలిచినవాళ్ళూ కనబడకుండా పోతారు.

అవే సంవత్సరాల్లో ఇంగ్లండులో ఒక కూతురు తల్లి రాసిన పేజీలు ఒక్కొక్కటే తీసేస్తోంది. మద్రాసులో ఒక దేవదాసి తనకంటే ఎప్పుడో ముందు పుట్టిన కవయిత్రి రాసిన పద్యాలు ఒక్కొక్కటే వెతికి తెచ్చి పెడుతోంది. సాహిత్య చరిత్ర రాసేవాళ్ళం వీళ్ళిద్దరిలో ఎవరి పని నేర్చుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. కనీసం ‘విక్టోరియా ఇలా రాసింది’ అనే చోట ‘బియాట్రిస్ ఇలా ఎత్తిరాసింది’ అందాం. ‘విక్టోరియన్ నీతి’ అనే చోట, కత్తెర పట్టుకున్నవాళ్ళ పేరు రాద్దాం.